షూటింగ్ అయిపోయిన మర్నాడు

మా మేనల్లుడు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తాడు. పోయిన అక్టోబరులో నేనూ మా ఆయనా వాడి దగ్గరికి వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాం. తిరుపతికి తిరిగొచ్చినప్పటి నుంచీ బైరాగిపట్టెడలో మా వీధివాళ్ళు, నాతో పనిచేసి రిటైరైన టీచర్లు, పాలు పోసే అమ్మాయి, అందరూ అడిగేది ఒకటే: "అక్కడ ఏం బాగుంది టీచరమ్మా?" నేను చెప్పేదీ ఒకటే. వంతెన. కార్డోబా అనే ఊళ్ళో రాతి వంతెన. రాజభవనాలు చూశాం, మ్యూజియాలు చూశాం, అన్నీ బాగున్నాయి. కానీ రాత్రి కళ్ళు మూసుకుంటే నాకు కనిపించేది ఆ వంతెన, దాని మీద కూరగాయల సంచితో నడిచిపోతున్న ఒక పెద్దావిడ.

ఆ వంతెన దగ్గరికి నేను మా మేనల్లుడితో గొడవపడి వెళ్ళాను. ఆ గొడవ నాలో ఇంకా తీరలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

వెళ్ళే ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర వాడు ఫోన్‌లో ఒక వీడియో చూపించి, "అత్తా, రేపు మనం పొయ్యేది ఈ బ్రిడ్జికే. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో వొలాంటిస్ అని ఒక ఊరు వస్తుంది, ఆ ఊరి పెద్ద బ్రిడ్జి ఇదే. 2015లో వచ్చింది, ఐదో సీజన్. దీన్ని చూడకుండా స్పెయిన్ నుంచి పోతే ఎట్లత్తా?" అన్నాడు. ఆ ఫోన్‌లో నది మీద ఒక వంతెన, వంతెన మీద రెండు పక్కలా మేడ మీద మేడగా ఇళ్ళు, అంగళ్ళు, కిక్కిరిసిన జనం. నాకు కోపం వచ్చింది. "రెండు వేల ఏళ్ళ నాటి వంతెన రా అది. దాని గురించి నీకు తెలిసిన గొప్ప ఇదేనా? సీరియల్ తీశారనా?" అన్నాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ నా వైపు చూశారు. ఆ కోపం వాడి మీద కాదని ఆయనకు తెలుసు.

అది చంద్రగిరి నాటి కోపం.

నేను పుట్టింది చంద్రగిరిలో. కోట గోడ వెంబడి చింతచెట్ల కింద చింతకాయలు ఏరుకుంటూ పెరిగినదాన్ని. తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను. ఎక్కడ పనిచేసినా ఏడాదికోసారి ఎనిమిదో తరగతి పిల్లల్ని చంద్రగిరి కోటకు తీసుకెళ్ళేదాన్ని. తళ్ళికోట యుద్ధం 1565లో అయ్యాక విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి 1592 ప్రాంతంలో మన చంద్రగిరికి వచ్చారని, 1639లో ఇంగ్లీషువాళ్ళకు మద్రాసు తీరంలో కోట కట్టుకోవడానికి అనుమతి దొరికింది ఈ రాజుల కాలంలోనేనని పాఠంలో చదివితే పిల్లలకు ఎక్కదు. రాజమహల్ ముందు నిలబెట్టి చెబితే ఎక్కుతుంది. చెన్నపట్నం అంత నగరానికి మన ఊరితో సంబంధం ఉందంటే వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

ఒక సంవత్సరం నలభై మంది పిల్లలతో వెళ్ళేసరికి అక్కడ ఏదో టీవీ సీరియల్ షూటింగ్ జరుగుతోంది. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. రాజమహల్ ముందు జనరేటర్ వ్యాను, తాళ్ళు, రిఫ్లెక్టర్లు. యూనిట్ మనిషి ఒకాయన అడ్డం వచ్చి "షాట్ అయ్యేదాకా ఆగండి మేడం" అన్నాడు. రెండు గంటలు ఎండలో ఆగాం. లోపలికి పోయాక చూస్తే ఒక కమాను కింద గులాబీ రంగు గుడ్డ బిగించడానికి పాత సున్నపు గోడలో మేకులు కొట్టి ఉన్నారు. మేకు పక్కన గచ్చు పెచ్చు ఊడి కింద పడి ఉంది. నేను ఆ పెచ్చు చేతిలోకి తీసుకుని ఆ మనిషిని అడిగాను. "పాత గోడే కదా మేడం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మర్నాడు పిల్లల్ని కోట మీద వ్యాసం రాయమంటే దాదాపు అందరూ హీరోయిన్ చీర రంగు రాశారు. నేను తిట్టాను. ఒక్క అమ్మాయి మాత్రం ఇంకో మాట రాసింది: "లైట్లు వేసినప్పుడు పైకప్పు కనిపించింది. అంత పెద్ద మహలుకి ఒక్క దూలం కూడా లేదు. ఎలా నిలబడింది టీచర్?" రాజమహల్‌లో చెక్క వాడలేదన్నది నిజం. రాయి, ఇటుక, సున్నం, అంతే. కమాను పక్కన కమాను పెట్టి మూడంతస్తులు లేపారు. అన్నేళ్ళుగా పిల్లల్ని తీసుకెళ్తున్నా ఆ చీకటి కప్పును నేను సరిగా చూపించలేదు, ఎవరూ చూసి అడగనూ లేదు. షూటింగ్ లైటు పడితేనే ఒక పిల్లకు కనిపించింది.

ఆ రోజు నాకు గుర్తున్నది మేకు ఒక్కటే. ఆ అమ్మాయి ప్రశ్న సంగతి కార్డోబా వంతెన మీద నిలబడ్డాకే మళ్ళీ నా మనసులోకి వచ్చింది.

మాడ్రిడ్ నుంచి ఫాస్ట్ రైలు ఎక్కితే కార్డోబా గంటా ముప్పావు. స్టేషన్ నుంచి పాత ఊళ్ళోకి నడిచాం. సున్నం కొట్టిన తెల్ల గోడల సందులు. ఒకప్పటి మసీదు, ఇప్పటి చర్చి అయిన ఆ పెద్ద కట్టడం పక్కగా దిగితే ఎదురుగా ఒక రాతి ద్వారం, పదహారో శతాబ్దం నాటిది. అది దాటగానే వంతెన మొదలు. అవతలి గట్టున కలహొర్రా అనే కోట బురుజు. కింద గ్వాదల్‌కివిర్ నది. ఆ పేరు అరబ్బీ మాటల నుంచి వచ్చింది, అర్థం "పెద్ద ఏరు" అని మా వాడు చెప్పాడు. మన వైపు ఎన్ని ఊళ్ళలో పెద్దేరు అనే పేరు లేదు! ఆ ఒక్క మాటతో నాకు ఆ నది పరాయిది కాకుండా పోయింది.

వంతెన పొడవు 247 మీటర్లు, వెడల్పు తొమ్మిది మీటర్ల దాకా ఉంటుంది. పదహారు కమానులు. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దంలో రోమన్లు మొదట కట్టారు. రోమ్ నుంచి స్పెయిన్ దక్షిణ తీరంలోని కాడిజ్ దాకా పోయే వాళ్ళ పెద్ద రోడ్డు దీని మీదుగానే పోయి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. 1953లో కాస్త దిగువన ఇంకో వంతెన వచ్చేదాకా ఆ ఊరికి నది దాటడానికి ఉన్నది ఇదొక్కటే. ఇరవై శతాబ్దాలు! నేను పిట్టగోడ మీద చెయ్యి పెట్టి ఆ సంఖ్యను లోపల రెండుసార్లు అనుకున్నాను.

మా ఆయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన వంతెన మీద పట్టుమని పది నిమిషాలు ఉండలేదు. నేరుగా గట్టు దిగి కింది నుంచి చూడ్డం మొదలుపెట్టారు. పైనుంచి నీళ్ళు వచ్చే వైపు ప్రతి కాలికీ ముక్కులాగా కోసుగా కట్టిన రాయి ఉంది. "వరదను ఇది చీలుస్తుంది, గుద్దుకోనివ్వదు" అని చేత్తో గాలిలో చూపించారు. కమాను సంగతీ ఆయనే చెప్పారు. పైన వెడల్పుగా, కింద సన్నగా చెక్కిన రాళ్ళను గుండ్రంగా పేర్చి నడిమి రాయి దించాక కింద ఊతగా పెట్టిన చెక్కలు తీసేస్తారట. ఆపైన ఎంత బరువు పడితే రాయి రాయిని అంత గట్టిగా నొక్కుకుంటుంది. బండ్లు, గుర్రాలు, జనం నడిస్తే అది బలహీనపడేది కాదు. దాన్ని కొరికేది కింద పునాదిలో మట్టిని కోసుకుపోయే నీళ్ళు. అది చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎట్లా పొంగిందో, దాని మీది వంతెనలు ఎట్లా దెబ్బతిన్నాయో ఆయన కళ్ళారా చూసిన మనిషి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక మాత్రమే కనిపించే మన నదిలో ఆ నాలుగు రోజులు ఒడ్డున నిలబడటానికే భయమేసింది.

మా మేనల్లుడు ఆ లోపల ఏం చేస్తున్నాడో చెప్పాలి. ఫోన్ ఎత్తి పట్టుకుని సీరియల్ బొమ్మను, ఎదుట ఉన్న వంతెనను పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. అడుగు అటూ ఇటూ జరుగుతున్నాడు. కమానులు సరిపోయే చోటు దొరికాక నన్ను పిలిచాడు. "చూడత్తా, కింద ఉండే కమానులు, నది నిజం. పైన ఇళ్ళన్నీ కంప్యూటర్‌లో పెట్టినవి. ఇక్కడ ఒక్క ఇల్లూ లేదు." నేను చూశాను. వాడు చెప్పింది నిజం. ఏది ఉన్నదో, ఏది కలిపిందో వాడు వేలు పెట్టి విడదీసి చూపిస్తున్నాడు. నేను సోషల్ టీచర్‌గా ముప్పై ఏళ్ళు పిల్లలకు నేర్పాలని చూసింది సరిగ్గా ఇదే. ఏది ఎప్పటిది, ఏది ఎవరు కలిపారు, మన కంటికి కనిపించేదాంట్లో ఏది నిజం. ఎవరూ పాఠం చెప్పకుండా, ఒక సీరియల్ మీద ఇష్టంతో వాడు ఆ పని చేస్తున్నాడు.

"సరే, మరి ఈ కమానుల్లో రోమన్లు కట్టినవి ఏవో నీకు తెలుసా?" అన్నాను. తెలీదన్నాడు. ఊళ్ళోకి వచ్చే ముందు నేను చదివి ఉన్నాను: ద్వారం వైపు నుంచి లెక్కపెడితే పద్నాలుగోది, పదిహేనోది, ఆ రెండే పాతవి. మిగతావన్నీ తర్వాత తర్వాత కట్టినవో బాగుచేసినవో. పైనుంచి కమానులు కనిపించవు కాబట్టి ఇద్దరం గట్టుకు దిగాం. ఎండలో కళ్ళు చికిలించుకుని ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పోయాం. ఒకసారి లెక్క తప్పి మళ్ళీ మొదటికొచ్చాం. దొరికాక వాడు ఆ కమానుకు ఫోటో తీసుకున్నాడు. అందులో సీరియల్ లేదు, వాడూ లేడు, వట్టి రాయి.

అక్కడ నాకు ఇంకో కథ చెప్పే అవకాశం దొరికింది. ఎనిమిదో శతాబ్దం మొదట్లో అరబ్బులు వచ్చేసరికి ఈ వంతెన పాడైపోయి ఉంది. అప్పటి గవర్నరు అల్ సమ్హ్ డమాస్కస్‌లోని ఖలీఫాకు ఉత్తరం రాశాడు. ఊరికి కోటగోడా పడిపోయింది, వంతెనా పడిపోయింది, రెండింటికీ చాలినంత రాయి లేదు, ఏం చేయమంటారని. ఖలీఫా రెండో ఉమర్ ఇచ్చిన జవాబు: గోడ రాళ్ళు తీసి వంతెన కట్టు, గోడకు ఇటుకలు పెట్టుకో. తర్వాతి కాలంలో రాసిన అరబ్బీ చరిత్రల్లో ఈ సంగతి ఉంది. కొత్తగా గెలుచుకున్న ఊళ్ళో, శత్రువు ఎప్పుడు వస్తాడో తెలియని చోట, మంచి రాయి గోడకు కాదు, జనం దాటే వంతెనకు వెళ్ళాలన్నాడు. నేను ఇప్పటిదాకా ఏ రాజు గురించి చెప్పిన పాఠంలోనూ ఇంత మంచి నిర్ణయం చెప్పినట్టు గుర్తులేదు.

వంతెన మధ్యలో పిట్టగోడ మీద ఒక దేవదూత విగ్రహం ఉంది, శాన్ రాఫాయెల్ అంటారు. ప్లేగు వచ్చి ఊరు అల్లాడిపోయిన తర్వాత 1651లో నిలబెట్టారు. విగ్రహం కాళ్ళ దగ్గర కొవ్వొత్తులు, పూలు. మైనం కారి రాయి మీద గడ్డకట్టి ఉంది. మేం చూస్తుండగానే ఒక పెద్దావిడ, నేను మొదట్లో చెప్పిన ఆవిడే, అటునుంచి ఇటు వస్తూ సంచి కింద పెట్టింది. ఒక క్షణం నిలబడి ఏదో అనుకుంది. మళ్ళీ సంచి ఎత్తుకుని నడిచింది. ఆవిడ ఫోటో తీసుకోలేదు. చుట్టూ ఉన్న మా అందరినీ చూడనూ లేదు. బహుశా రోజూ అదే పని.

అప్పుడు నాకు మన అలిపిరి గుర్తొచ్చింది.

తిరుపతిలో ఉండేవాళ్ళకు అలిపిరి గురించి చెప్పనక్కర్లేదు, కానీ దాన్ని ఒక పాత రాతి కట్టడంగా మనం ఎప్పుడన్నా చూశామా? 3,550 మెట్లు. ప్రతి మెట్టుకీ పసుపు రాసి కుంకుమ పెట్టి ఎక్కే ఆడవాళ్ళు రోజూ ఉంటారు. మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీద ఎక్కేవాళ్ళు ఉంటారు. మెట్లు మార్చారు, పైకప్పు మార్చారు. 2021లో కొన్ని నెలలు దారి మూసి కప్పు పనులు చేసి మళ్ళీ తెరిచారు. "పాతది కాదు కదా ఇది" అని ఎవరూ అనరు. శ్రీవారి మెట్టు చూడండి. అదే 2021 నవంబరు వానలకు 2,388 మెట్ల ఆ దారి చాలా చోట్ల కొట్టుకుపోయింది. బండలు దొర్లిపడ్డాయి. 2022 మేలో మళ్ళీ జనం ఎక్కారు. అంత తొందరగా ఎందుకు బాగుపడింది? దాని మీద నడవడానికి కాళ్ళు కాచుకుని ఉన్నాయి కాబట్టి. ఈ దారి ఎప్పుడు తెరుస్తారని అడగని రోజు లేదు మన ఊళ్ళో.

దీనికి ఎదురుగా హంపిని పెట్టి చూడండి. విఠలాలయం దగ్గర తుంగభద్రలో రాతి స్తంభాల వరుస ఒకటి నిలబడి ఉంటుంది. విజయనగరం వాళ్ళ వంతెన అది. పైన బాట లేదు, కాళ్ళు మాత్రం ఉన్నాయి. ఊరు ఖాళీ అయిపోయాక దాన్ని దాటాల్సిన మనిషి లేడు, కాబట్టి బాగుచేయాల్సిన మనిషీ లేడు. కార్డోబా వంతెనను రోమన్లు అంతకన్నా గొప్పగా కట్టారని నేను అనను. తర్వాతివాళ్ళకు దాని అవసరం తీరలేదు. అరబ్బులకు కావాల్సి వచ్చింది, వాళ్ళ తర్వాత వచ్చిన క్రైస్తవ రాజులకు కావాల్సి వచ్చింది, మొన్న మొన్నటి లారీలకు కూడా కావాల్సి వచ్చింది. 2004లో బండ్లు ఆపేసి నడిచేవాళ్ళకే వదిలారు. ఆ తర్వాత 2006 నుంచి 2008 దాకా పెద్ద ఎత్తున బాగుచేశారు. పైన కొత్త గ్రానైట్ పరిచారని, మరీ కొత్తగా కనిపిస్తోందని అప్పట్లో ఊళ్ళో చాలామంది తిట్టారు. అదే పనికి 2014లో యూరప్ స్థాయి వారసత్వ బహుమతి కూడా వచ్చింది. నాకు ఆ గ్రానైట్ నచ్చలేదు, ఇంకాస్త గరుకుగా ఉంటే బాగుండేది. కానీ ఒక ఊరు తన వంతెన మీద పరిచే రాయి గురించి వీధిలో వాదించుకుంటోందంటే ఆ వంతెనకు దిక్కు ఉన్నట్టే. చంద్రగిరిలో నేను ఆ గచ్చు పెచ్చు చేతిలో పట్టుకుని నిలబడినప్పుడు నా పక్కన వాదించడానికి ఇంకో మనిషి లేడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాత కట్టడాల్లో షూటింగులు జరగాలా వద్దా అనే వాదన మన వైపు ఎప్పుడూ రెండు ముక్కలుగానే సాగుతుంది. ఒకళ్ళు షూటింగు వల్ల పరువు పోతుందంటారు. ఇంకొకళ్ళు టూరిజం పెరుగుతుందంటారు. నేను చాలా ఏళ్ళు మొదటి వైపు నిలబడ్డాను. ఇప్పుడు ఏ వైపూ నిలబడలేను. మేకు కొట్టడం తప్పు. అందులో మార్పు లేదు, ఎప్పటికీ ఉండదు. ఆ సీరియల్‌వాళ్ళు వొలాంటిస్ ఇళ్ళన్నీ కంప్యూటర్‌లో కట్టుకున్నారు. వంతెన రాయికి ఒక్క గీత పడకుండా ప్రపంచమంతా చూసే ఊరు సృష్టించారు. మన దగ్గర ఒక గుడ్డ కట్టడానికి నాలుగు వందల ఏళ్ళ సున్నం పగలగొట్టారు. డబ్బు తేడా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ గుడ్డను కర్రలకు కట్టి నిలబెట్టడానికి కోట్లు అక్కర్లేదు. పెళ్ళి పందిరి వేసేవాళ్ళు రోజూ చేసే పని అది.

మేకు సంగతి పక్కన పెడితే, షూటింగ్ వల్ల జనం రావడం తప్పనే మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. మా వాడు సీరియల్ కోసం వచ్చాడు, రోమన్ కమాను వెతుక్కుని వెళ్ళాడు. ఎనిమిదో తరగతి అమ్మాయి హీరోయిన్ కోసం పైకి చూసింది, దూలాలు లేని కప్పు చూసింది. మనిషి ఒక చోటికి ఏ కారణంతో వస్తాడో మనం ఎంచలేం. తిరుమలకు కూడా మొక్కు కోసం వచ్చేవాళ్ళు ఉంటారు, ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళు ఉంటారు, తోడుగా వచ్చేవాళ్ళు ఉంటారు. మెట్టెక్కేటప్పుడు అందరికీ ఆయాసం ఒకటే.

నన్ను వేధించే ప్రశ్న ఇంకొకటి. షూటింగ్ అయిపోయి వ్యాన్లు వెళ్ళిపోయిన మర్నాడు పొద్దున అక్కడ ఎవరున్నారు? కార్డోబాలో 2014 అక్టోబరులో షూటింగ్ అయిపోయిన మర్నాడు ఆ పెద్దావిడ మళ్ళీ కూరగాయల సంచితో దాటే ఉంటుంది. కాలేజీ పిల్లలు పరుగెత్తే ఉంటారు. కింద పాత నీటి మర దగ్గర రెల్లు పొదల్లో కొంగలు దిగే ఉంటాయి. సీరియల్ ఆ వంతెనను కొద్ది కాలం అప్పు తీసుకుని సొంతదారుకు తిరిగి ఇచ్చింది. చంద్రగిరిలో షూటింగ్ అయిపోయిన మర్నాడు? కాపలా మనిషి, గేటు, టికెట్ కౌంటర్. మధ్యాహ్నానికి తమిళనాడు బస్సు ఒకటి. చంద్రగిరి ఊళ్ళో వాళ్ళు ఎంతమంది వెళ్తారు? మా బంధువులు అక్కడ ఇంకా ఉన్నారు. "కోటకు చివరిసారి ఎప్పుడు పోయారు?" అని ఆ మధ్య ఒక పెళ్ళిలో వరసగా అడిగాను. ఒకామె "మా ఆడపడుచు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు" అంది. ఒకాయన "షూటింగ్ చూడ్డానికి" అన్నాడు. పక్క వీధిలో ఉన్న కోటకు ఊరివాళ్ళు చుట్టాలతో పాటు చుట్టాలుగా వెళ్తున్నారు.

మా ఆయన దీనికి ఒక అడ్డు చెప్పారు, అది గట్టిది. "వంతెన దారి. దాటడానికి పోవాలి, పోతారు. అలిపిరీ దారే. కోట దారి కాదు. పనిలేకుండా ఎవరు పోతారు?" తిరుగు రైల్లో దాదాపు గంట మేం దీని మీదే మాట్లాడుకున్నాం. ఆయన మాటలో నిజం ఉంది. కానీ పని పుట్టించవచ్చు. మా చిన్నప్పుడు కోట వైపు మాకు పనులు ఉండేవి. చింతకాయలు, మేకలు, ఎండాకాలం పరీక్షల చదువులు. ఆ చదువులు గోడ నీడన కూర్చునే చదివాను. పదో తరగతి లెక్కలు నాకు ఆ రాళ్ళ మీదే వచ్చాయి. ఆ పనులన్నీ మళ్ళీ రమ్మంటే రావు. కొత్తవి రావచ్చు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా చంద్రగిరి ఊరివాళ్ళను టికెట్ లేకుండా నడవడానికి లోపలికి రానిస్తే? తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండులో, పార్కుల్లో షుగరు, బీపీ ఉన్నవాళ్ళు వందల మంది తెల్లారకముందే నడుస్తారు. రాజమహల్ ముందున్న ఆ పచ్చికలో, కొండ నీడలో నడవడం కంటే మంచి చోటు ఈ జిల్లాలో ఎక్కడుంది? కూచిపూడి, కోలాటం నేర్పే గురువులు వారానికోసారి పిల్లల్ని బయటి పచ్చికలో కూర్చోబెట్టి నేర్పితే? ఊళ్ళోని బడులు ఏడాదికోసారి ఎక్స్‌కర్షన్‌గా కాకుండా నెలకోసారి ఒక పీరియడ్ అక్కడ పెట్టుకుంటే?

అట్లా వదిలితే పాడుచేస్తారని అంటారు, నాకు తెలుసు. గోడల మీద పేర్లు, గుండె బొమ్మలు నేనూ చూశాను, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆ పేర్లు చెక్కినవాళ్ళు ఎవరు? మళ్ళీ రామని తెలిసినవాళ్ళు. రోజూ నడిచే చోట ఎవరూ తన పేరు చెక్కుకోరు. చెక్కబోయేవాడిని పక్కన నడిచే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపుతాడు. కాపలా మనిషి ఒక్కడే ఎంత కోట చూసుకుంటాడు? కార్డోబా వంతెన మీద ఆ దేవదూత విగ్రహానికి కాపలా ఏమీ నాకు కనిపించలేదు. మైనం కారుతుంది నిజమే, అది రాయికి మంచిది కాదని నిపుణులు అనవచ్చు. అయినా ఆ విగ్రహానికి ఏమన్నా అయితే మొదట పరుగెత్తుకొచ్చేది కొవ్వొత్తి పెట్టినవాళ్ళే.

షూటింగులకు అనుమతి ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టాలని కూడా నా కోరిక. రాయికీ గచ్చుకూ మేకు తగలకూడదన్నది ఎటూ ఉండాల్సిందే, అది అమలు కూడా కావాలి. దానితో పాటు, లైట్లు పెట్టిన ఒక సాయంత్రం షూటింగ్ అయ్యాక ఇంకో అరగంట ఆ లైట్లు ఆర్పకుండా ఉంచి ఊరి పిల్లల్ని లోపలికి పిలవాలి. అరగంట జనరేటర్ డీజిలు ఎంతవుతుంది? ఆ అరగంటలో ఆ కప్పు, ఆ కమానులు, ఇటుకల వరస ఎట్లా తిరిగిందో, మూలల్లో సున్నపు పని ఎంత సన్నగా ఉందో కనిపిస్తుంది. ఆ వెలుతురు నేను నా జీతంతో ఎప్పటికీ తేలేకపోయాను.

కార్డోబాలో చీకటి పడ్డాక మేం మళ్ళీ వంతెన మీదికి వెళ్ళాం. దీపాలు వెలిగాయి. గిటార్ వాయిస్తున్న ఒక కుర్రాడి చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. నేను మా మేనల్లుడితో, "నిన్న రాత్రి నిన్ను అనవసరంగా అన్నాను రా" అన్నాను. వాడు "పర్లేదత్తా" అని, కాసేపాగి, "మన చంద్రగిరిలో కూడా ఇట్లా లెక్కపెట్టేవి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగాడు. వాడు తిరుపతిలో పుట్టి, పదిహేడేళ్ళు అక్కడే పెరిగి, చంద్రగిరి కోటకు మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ నాతోనే. దూలాలు లేని సంగతి వాడికి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి వంతెన మీద కూర్చుని చెప్పాను.

ఈ ఆదివారం పొద్దున మా వీధి పిల్లలు నలుగురిని చంద్రగిరి తీసుకెళ్తున్నాను. ఇద్దరు వస్తామన్నారు, మిగతా ఇద్దరు షూటింగ్ ఉంటే వస్తామన్నారు. లేదని చెప్పాను, అయినా వాళ్ళ అమ్మలు పంపిస్తామన్నారు. పెద్ద బ్యాటరీ లైటు ఒకటి కొని ఛార్జింగ్ పెట్టాను. లోపలికి పోయాక నేనేమీ చెప్పను. లైటు వాళ్ళ చేతికే ఇచ్చి, పైన దూలాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమంటాను.